ఓర్పు వ్యాయామాలలో కొవ్వు తగ్గించే సమతులాహారం

దూరపు పరుగు, సైకిలు తొక్కడం, ఈత, వేగపు నడక వంటి, ఎక్కువ సేపు ఆగకుండా సాగే వ్యాయామాలను ఓర్పు వ్యాయామాలు అంటారు. వాడుకలో వీటిని దమ్ము పెంచే వ్యాయామాలు అని కూడా అంటారు. ఇటువంటి శిక్షణ చేస్తూనే శరీరంలోని అదనపు కొవ్వును తగ్గించుకోదలచినవారు పాటించవలసిన ఆహార ప్రణాళికను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. కొవ్వు తగ్గాలంటే ఖర్చయ్యే శక్తి కంటే తక్కువ తినాలి. శిక్షణ ఫలించాలంటే కండరాలకు సరిపడా తిండి అందాలి. ఈ రెండు అవసరాలు శరీరాన్ని ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. అందువలన శక్తి లోటును చిన్నదిగా ఉంచడం, ఆ లోటును పరుగు లేని వేళలకు, పరుగు లేని రోజులకు జరపడం ఈ ప్రణాళికకు మూలసూత్రం. ఈ సంగతి తెలియక సగం తిండి మాని, రెట్టింపు దూరం పరుగెత్తేవారు కొద్ది వారాలలోనే నీరసం, గాయాలు, రక్తహీనతలతో శిక్షణ విరమించుకోవడం తరచుగా జరుగుతుంది.

శరీరం వాడే ఇంధనాలు

కండరాలు ప్రధానంగా రెండు ఇంధనాలను వాడుకుంటాయి. ఒకటి కొవ్వు, రెండవది గ్లైకోజెన్. మనం తిన్న పిండిపదార్థాలు గ్లూకోజుగా మారి, అందులో కొంత కండరాలలోను, కాలేయంలోను గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. ఈ నిలవ చాలా పరిమితమైనది. సాధారణ దేహం గల పెద్దవారిలో కండరాలలోనూ కాలేయంలోనూ కలిపి 400 నుండి 500 గ్రాములు, అనగా 1600 నుండి 2000 కాలరీలు మాత్రమే ఉంటుంది. (శాస్త్రంలో కిలోకాలరీ అనే ప్రమాణాన్నే వాడుకలో కాలరీ అంటారు. ఈ వ్యాసంలోనూ అదే అర్థం.) కొవ్వు నిలవ దీనితో పోల్చదగినది కాదు. 15 కిలోల కొవ్వు కణజాలం ఉన్న వ్యక్తి శరీరంలో లక్ష కాలరీలకు పైగా శక్తి దాగి ఉంటుంది.

పక్కవారితో మాట్లాడుతూ సాగగలిగేటంత నెమ్మది వేగంలో కొవ్వు వాటా ఎక్కువగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది. కొవ్వు నుండి శక్తి నెమ్మదిగా వస్తుంది కాబట్టి వేగంగా పరుగెత్తేవారికి అది ఒక్కటే చాలదు. గ్లైకోజెన్ అడుగంటినప్పుడు కాళ్ళు బరువెక్కి, వేగం ఒక్కసారిగా పడిపోతుంది.

ఆహారానికీ దమ్ముకూ ఉన్న ఈ సంబంధాన్ని స్వీడన్ శాస్త్రవేత్తలు 1960లలో నిరూపించారు. జోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్, వారి సహచరులు సూదితో కండరం నుండి చిన్న ముక్కను తీసి అందులోని గ్లైకోజెన్‌ను కొలిచారు. 1967లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే మనుషులకు మూడు రకాల ఆహారాలు ఇచ్చి, అలసి ఆగిపోయే వరకు సైకిలు తొక్కించారు. పిండిపదార్థాలు బాగా తగ్గించినప్పుడు వారు సుమారు ఒక గంట, మామూలు ఆహారంతో సుమారు రెండు గంటలు, పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నప్పుడు రెండున్నర గంటలకు పైగా తొక్కగలిగారు. మనిషి అతడే, కాళ్ళు అవే, మారినది తిండి మాత్రమే.

బరువు తగ్గడం, కొవ్వు తగ్గడం

ఈ రెండూ ఒకటి కావు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా కండరంలో నిలవ ఉంటుంది. అన్నం ఒక్కసారిగా మానినవారిలో మొదటి వారంలో ఒకటి రెండు కిలోల బరువు తగ్గడానికి ఎక్కువ భాగం ఇదే కారణం. తగ్గినది నీరే గాని కొవ్వు కాదు. మళ్ళీ మామూలుగా తినగానే ఆ బరువు తిరిగి వస్తుంది. చూసేవారు దీనిని వైఫల్యంగా భావించి నిరాశ చెందుతారు, నిజానికి అక్కడ గెలుపూ లేదు, ఓటమీ లేదు.

ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7700 కాలరీల శక్తి ఉంటుందని లెక్క. రోజుకు 500 కాలరీలు తగ్గిస్తే ఇన్ని వారాలలో ఇన్ని కిలోలు తగ్గుతారని దీని ఆధారంగా చాలామంది సూటిగా లెక్క కడతారు. మొదటి వారాలకు ఈ లెక్క అంచనాగా పనికివస్తుంది. అయితే బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ తగ్గుదల మందగిస్తుంది.

బరువు తూచుకునేవారు ఉదయం కాలకృత్యాల తరువాత, ఏమీ తినక ముందు తూచుకుని, వారం మొత్తానికి సగటు చూసుకోవాలి. దానితో పాటు నడుము చుట్టుకొలతను టేపుతో కొలుచుకోవాలి. ఇది భారతీయులకు మరింత ముఖ్యం. ఐరోపా వారితో పోల్చితే ఒకే ఎత్తు, బరువు ఉన్నప్పటికీ భారతీయులలో కొవ్వు శాతం ఎక్కువగా, ముఖ్యంగా పొట్ట చుట్టూ పేరుకుని ఉంటుంది. ఈ విషయాన్ని వైద్యులు యాజ్నిక్, యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోతోనే చూపారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక (బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) ఒకటే, కాని భారతీయుడైన యాజ్నిక్ శరీరంలో కొవ్వు శాతం రెట్టింపుకు పైగా ఉన్నది. ఈ కారణంగానే మన దేశంలో ఆ సూచిక 23 దాటితే అధిక బరువుగాను, 25 దాటితే స్థూలకాయంగాను పరిగణిస్తారు. నడుము పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటకూడదు.

లోటు ఎంత ఉండాలి?

ప్రణాళిక మొత్తానికి ప్రాణం వంటి ప్రశ్న ఇది. వారానికి శరీర బరువులో అర శాతం నుండి 0.7 శాతం వరకు తగ్గడం సురక్షితమైన వేగం. 75 కిలోల మనిషికి ఇది వారానికి 375 నుండి 525 గ్రాములు. నార్వేలో గార్తె, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో క్రీడాకారులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును వారానికి 0.7 శాతం, రెండవ జట్టును 1.4 శాతం బరువు తగ్గేటట్లు తినమన్నారు. ఇద్దరూ బరువులు ఎత్తే వ్యాయామం కూడా చేశారు. నెమ్మదిగా తగ్గినవారిలో కొవ్వు తగ్గి, కొవ్వు కాని దేహభాగం కొంత పెరిగింది. త్వరగా తగ్గినవారికి ఆ లాభం దక్కలేదు.

లోటు మరీ పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ‘శక్తి లభ్యత’ అనే కొలత వాడతారు. రోజంతా తిన్న కాలరీలలో నుండి వ్యాయామానికి ఖర్చయినవి తీసివేసి, మిగిలిన దానిని కొవ్వు కాని శరీర బరువుతో భాగిస్తే వచ్చేది శక్తి లభ్యత. గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి అన్నీ ఈ మిగులు మీదనే బతకాలి. కిలోకు 45 కాలరీలు ఉంటే పుష్కలం. 30 కంటే తగ్గితే ప్రమాదం. అమెరికా శాస్త్రవేత్త ఆన్ లూక్స్ యువతులపై చేసిన ప్రయోగాలలో ఈ 30 అనే హద్దు దిగువన కొద్ది రోజులలోనే ఋతుచక్రాన్ని నడిపే హార్మోన్ల స్పందనలు చెదిరిపోవడం కనిపించింది. ఈ హద్దు అందరికీ ఒకే చోట ఉండదని తరువాతి పరిశోధనలు తెలిపినా, హెచ్చరిక గీతగా ఇది ఇప్పటికీ ఉపయోగంలో ఉన్నది.

దీర్ఘకాలం ఈ హద్దుకు దిగువన ఉన్నవారికి వచ్చే సమస్యల సముదాయానికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ‘క్రీడలలో సాపేక్ష శక్తి లోపం’ అని పేరు పెట్టింది. 2018లోను, 2023లోను ఆ వివరణను సవరించింది. అంతకు ముందు దీనిని స్త్రీల సమస్యగానే భావించి, తక్కువ తినడం, ఋతుస్రావం ఆగడం, ఎముకలు పలచబడడం అనే మూడింటినీ కలిపి చెప్పేవారు. పురుషులకు కూడా ఇది వస్తుందని ఇప్పుడు స్పష్టమైంది. వారిలో టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. పాదం, ముంగాలి ఎముకలలో సన్నని పగుళ్ళు, తరచు జలుబు, నిద్రలేమి, చిరాకు, ఎంత శిక్షణ చేసినా వేగం పెరగకపోవడం ఇరువురిలోనూ కనిపించే లక్షణాలు. వరుసగా మూడు నెలలు ఋతుస్రావం రాకపోతే దానిని శిక్షణ ఫలితంగా సరిపెట్టుకోరాదు, వైద్యురాలిని కలవాలి. మన ఇళ్ళలో ఈ విషయం బయటకు చెప్పుకోవడానికి సంకోచిస్తారు కాబట్టి శిక్షకులు, ఉపాధ్యాయులు అడిగి తెలుసుకోవడం అవసరం. ఎదిగే వయసు పిల్లల చేత, ముఖ్యంగా పోటీలలో పరుగెత్తే బాలికల చేత బరువు తగ్గించే ప్రయత్నం చేయించడమే తగదు.

అన్నం మానాలా?

తెలుగువారిలో ఈ విషయం ప్రస్తావనకు రాగానే మొదట వచ్చే ప్రశ్న ఇదే. అక్కరలేదు అనేది సమాధానం. కాని ఎంత, ఎప్పుడు అన్నది చూసుకోవాలి.

రోజుకు ఒక గంట వరకు మధ్యస్థ శిక్షణ చేసేవారికి కిలో బరువుకు 5 నుండి 7 గ్రాముల పిండిపదార్థాలను క్రీడా పోషణ నిపుణులు సూచిస్తారు. కొవ్వు తగ్గించుకోదలచి, వారానికి నాలుగైదు రోజులు మాత్రమే పరుగెత్తే సాధారణ వ్యక్తికి 3.5 నుండి 5 గ్రాములు సరిపోతుంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కాలరీలు, 78 గ్రాముల పిండిపదార్థం, 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వండితే అది రెండున్నర నుండి మూడు రెట్ల బరువు అవుతుంది. చిక్కంతా అన్నంలో కంటే దాని పరిమాణంలో ఉన్నది. పప్పుతో ఒకసారి, పచ్చడితో ఒకసారి, చారుతో ఒకసారి, చివర పెరుగుతో మరొకసారి వడ్డించుకునే భోజనంలో 200 గ్రాముల బియ్యపు అన్నం తెలియకుండానే లోపలికి పోతుంది. వరుస మానవలసిన పని లేదు. అన్నాన్ని ముందే ఒకసారి కొలిచి పెట్టుకుని, ఆ కొలతనే అన్ని అంశాలకూ పంచుకుంటే చాలు.

కెన్యా దేశపు దూరపు పరుగువీరుల ఉదాహరణ ఇక్కడ గమనించదగినది. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం వారి ఆహారంలో శక్తికి 76.5 శాతం పిండిపదార్థాల నుండే వచ్చింది. వారి ముఖ్యాహారం ఉగాలి. మొక్కజొన్న పిండిని నీటిలో గట్టిగా ఉడికించి ముద్ద చేసే ఈ వంటకం మన రాయలసీమ సంగటికి దగ్గరి చుట్టం. ధాన్యం తిన్నంత మాత్రాన ఎవరూ లావెక్కరు. వారు రోజూ పరుగెత్తే దూరం మనం పరుగెత్తము కాబట్టి ఆ పరిమాణం మనకు నప్పదు, అంతే.

ఇందుకు భిన్నంగా, అన్నం వంటి ధాన్యాలను పూర్తిగా మాని, కొబ్బరినూనె వంటి కొవ్వులను ప్రధానంగా తీసుకునే ఒక పద్ధతి 2017, 2018 సంవత్సరాలలో తెలుగు రాష్ట్రాలలో విస్తృతంగా ప్రచారం పొందింది. ఇటువంటి ఆహారంతో కొందరు బరువు తగ్గిన మాట నిజమే. ఓర్పు శిక్షణ విషయంలో మాత్రం ఫలితం వేరుగా ఉన్నది. ఆస్ట్రేలియాకు చెందిన లూయీస్ బర్క్ బృందం అగ్రశ్రేణి నడక పందెగాళ్ళపై చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో మూడు వారాల కొవ్వు ప్రధానాహారం తరువాత వారి శరీరం కొవ్వును మునుపటి కంటే ఎక్కువగా వాడుకోగలిగింది, కాని అదే వేగానికి ఎక్కువ ప్రాణవాయువు అవసరమైంది. పిండిపదార్థాలు తిన్నవారు 10 కిలోమీటర్ల పందెంలో తమ సమయాన్ని మెరుగుపరచుకోగా వీరు మెరుగుపరచుకోలేదు.

ముడిబియ్యం, జొన్నలు, రాగులు, కొర్రలు పీచుపదార్థం వలన త్వరగా కడుపు నిండినట్లు అనిపిస్తాయి. పరుగు లేని రోజులకు, రాత్రి భోజనానికి ఇవి అనుకూలం. పరుగుకు ముందు మాత్రం ఇవే కడుపులో బరువుగా ఉండి ఇబ్బంది పెడతాయి. ఆ సమయానికి అరటిపండు, ఇడ్లీ, తెల్ల అన్నం వంటి తేలికైనవే మేలు.

పరగడుపున పరుగెత్తితే కొవ్వు ఎక్కువగా కరుగుతుందనే నమ్మకం కూడా విస్తృతంగా ఉన్నది. ఆ గంటలో కొవ్వు వాటా పెరిగే మాట వాస్తవమే. కాని రోజు మొత్తం మీద లెక్క సరిపోతుంది. 2014లో 20 మంది యువతులపై నాలుగు వారాలు చేసిన ఒక ప్రయోగంలో పరగడుపున వ్యాయామం చేసినవారికీ, తిని చేసినవారికీ కొవ్వు తగ్గుదలలో తేడా కనిపించలేదు. అరగంట, ముప్పావు గంట నెమ్మది పరుగుకు ఎవరి అలవాటు వారిది. గంట దాటే పరుగులకు ఏదైనా తిని వెళ్ళడమే మంచిది.

మాంసకృత్తులు

లోటులో ఉన్నప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండరాన్ని కూడా కరిగిస్తుంది. దీనిని అడ్డుకునేవి రెండే, చాలినన్ని మాంసకృత్తులు, వారానికి రెండుసార్లు కండబలం పెంచే వ్యాయామం. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సామాన్యులకు నిర్ణయించిన మోతాదు కిలో బరువుకు 0.83 గ్రాములు. ఓర్పు శిక్షణ చేస్తూ కొవ్వు తగ్గించుకునేవారికి 1.4 నుండి 1.8 గ్రాముల వరకు అవసరం.

తెలుగువారి భోజనంలో బలహీనమైన చోటు ఇదే. పప్పు రోజూ ఉంటుంది కాని పలచగా ఉంటుంది. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నా, నలుగురున్న ఇంట్లో చిన్న గ్లాసుడు పప్పు వండితే ఒక్కొక్కరి వంతుకు ఐదారు గ్రాములకు మించి రావు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల పెరుగులో 3 గ్రాములు, 100 గ్రాముల చేపలోగాని కోడి మాంసంలోగాని సుమారు 20 గ్రాములు ఉంటాయి. శాకాహారులకు మీల్‌మేకర్ అనే సోయా ముక్కలు చవకైన ఆధారం, ఎండు ముక్కలు 100 గ్రాములలో 50 గ్రాములకు పైగా ఉంటాయి. శనగ గుగ్గిళ్ళు, పెసరట్టు, ఉలవచారు, పనీరు కూడా ఉపయోగపడతాయి. పప్పు, ధాన్యం ఒకే రోజులో తింటే ఒకదానిలో కొరతగా ఉన్న అమైనో ఆమ్లాలను మరొకటి పూరిస్తుంది. మొత్తాన్ని రాత్రి భోజనానికే వదిలివేయక మూడు నాలుగు పూటలకు పంచుకోవాలి. పొడి డబ్బాలు తప్పనిసరి కావు.

నూనెలు, కొవ్వులు

గ్రాముకు 9 కాలరీలు ఉండే నూనె లెక్కకు అందకుండా తప్పించుకునే పదార్థం. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కాలరీలు, అంటే రెండు ఇడ్లీల శక్తి ఉంటుంది. వేపుళ్ళు తగ్గించి, ఇంట్లో నెలకు ఎంత నూనె డబ్బా ఖర్చవుతున్నదో చూసి మనుషులతో భాగిస్తే నిజం తెలుస్తుంది. మనిషికి రోజుకు 20 గ్రాములు చాలు. అలాగని కొవ్వును పూర్తిగా మానకూడదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు జీర్ణం కావడానికి, హార్మోన్ల తయారీకి కొవ్వు అవసరం. మొత్తం శక్తిలో ఐదవ వంతుకు తగ్గకుండా చూసుకోవాలి. వేరుశనగలు, నువ్వులు, చేపలు మంచివే. వేరుశనగలు 100 గ్రాములు 500 కాలరీలు దాటుతాయి కాబట్టి గుప్పెడుతో ఆపాలి.

ఇనుము, కాల్షియం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే కొత్తగా పరుగు మొదలుపెట్టే యువతులలో సగానికి పైగా ఈ లోపంతోనే మొదలుపెడుతున్నారు. పరుగు దానిని మరికొంత పెంచుతుంది. చెమటలో కొంత ఇనుము పోతుంది, పాదాలు నేలను తాకే అదురుకు కొన్ని ఎర్ర రక్తకణాలు చితుకుతాయి, వ్యాయామం తరువాత 3 నుండి 6 గంటల వ్యవధిలో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి పేగులలో ఇనుము శోషణను తగ్గిస్తుంది. పైగా తిండి తగ్గితే అందులోని ఇనుము కూడా తగ్గుతుంది. మెట్లు ఎక్కితేనే ఆయాసం వచ్చే మనిషిని దమ్ము లేదని గద్దించి పరుగెత్తించే ముందు రక్తపరీక్ష చేయించడం న్యాయం.

2020 ప్రమాణాల ప్రకారం స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాములు, పురుషులకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మాంసం, చేపలలోని ఇనుము సులభంగా ఒంటబడుతుంది. ఆకుకూరలు, పప్పులు, సజ్జలలోని ఇనుముకు విటమిన్ సి తోడు కావాలి. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనంతో ఉసిరికాయ పచ్చడి, తరువాత జామపండు తినడం ఈ పని చేస్తాయి. భోజనం చేయగానే టీ, కాఫీ తాగితే ఈ ప్రయోజనం చాలావరకు పోతుంది. కనీసం గంట ఎడం ఇవ్వాలి. ఇనుము మాత్రలను పరీక్ష లేకుండా సొంతంగా వాడరాదు.

కాల్షియం రోజుకు 1000 మిల్లీగ్రాములు అవసరం. అర లీటరు పాలు లేదా పెరుగుతో సుమారు 600 మిల్లీగ్రాములు, 50 గ్రాముల రాగిపిండితో చేసిన సంగటితో గాని జావతో గాని సుమారు 175 మిల్లీగ్రాములు వస్తాయి. తోటకూర, మునగాకు మిగిలినది పూరిస్తాయి. మాంసాహారం ముట్టనివారు బి12 విటమిన్ స్థాయిని కూడా పరీక్షించుకోవాలి, ఎందుకంటే అది మొక్కల ఆహారంలో దాదాపు ఉండదు.

నీరు, ఉప్పు

కోస్తా జిల్లాల ఉక్కపోతలో గంటకు ఒక లీటరుకు పైగా చెమట పోవడం అసాధారణం కాదు. పరుగుకు ముందు, తరువాత బరువు తూచుకుంటే తేడా తెలుస్తుంది. తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరుంబావు నీరు కొద్ది గంటలలో నెమ్మదిగా తాగాలి. ఆ తగ్గిన బరువును కొవ్వుగా భావించి సంతోషించరాదు. ప్లాస్టిక్ చొక్కాలు తొడుక్కుని చెమట పట్టించుకోవడం నిరర్థకమే కాక, ఎండాకాలంలో వడదెబ్బకు దారితీస్తుంది.

అతిగా నీరు తాగడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువారిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం సాధారణం కంటే తక్కువగా ఉన్నది. పరుగు పొడుగునా నీరు ఎక్కువగా తాగి బరువు పెరిగినవారిలోనే ఇది అధికంగా కనిపించింది. దాహానికి తగినట్లు తాగడమే సురక్షితం. గంట లోపు పరుగుకు మంచినీళ్ళు చాలు. అంతకు మించినప్పుడు ఉప్పు, కాస్త తీపి ఉన్నవి మేలు. తరువాత తాగడానికి ఉప్పు కలిపిన మజ్జిగ తెలుగువారికి తరతరాలుగా తెలిసినదే.

ఒక వారపు ప్రణాళిక

ఉదాహరణకు 75 కిలోల బరువు, 165 సెంటీమీటర్ల ఎత్తు, 28 శాతం కొవ్వు గల ఒక నలభై ఐదేళ్ళ కార్యాలయ ఉద్యోగిని తీసుకుందాం. అతని శరీరంలో కొవ్వు కాని భాగం 54 కిలోలు. అతడు వారానికి మూడు రోజులు 6 కిలోమీటర్ల చొప్పున, ఆదివారం 14 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కాలరీ ఖర్చవుతుంది. చిన్న పరుగుకు 450, ఆదివారం పరుగుకు 1050, వారం మొత్తానికి 2400 కాలరీలు. పరుగు కాక మిగిలిన జీవనానికి రోజుకు సుమారు 2200 కాలరీలు అనుకుంటే వారపు ఖర్చు 17,800.

అతడు విశ్రాంతి రోజులలో 1900, చిన్న పరుగు రోజులలో 2250, ఆదివారం 2700 కాలరీలు తింటే మొత్తం 15,150 అవుతుంది. లోటు 2650 కాలరీలు, అంటే వారానికి సుమారు 340 గ్రాముల కొవ్వు. చెప్పుకోవడానికి ఇది చిన్న అంకె, సురక్షిత వేగానికి కొంచెం దిగువనే ఉన్నది. కాని శక్తి లభ్యత విశ్రాంతి రోజున 35, చిన్న పరుగు రోజున 33, ఆదివారం 31 దగ్గర నిలుస్తుంది. ఇంకా తగ్గించడానికి చోటు లేదని దీనివలన తెలుస్తున్నది. ఇదే మనిషి ఆత్రుతతో పరుగు రోజున 1500 కాలరీలే తింటే లభ్యత 19కి పడిపోతుంది.

చిన్న పరుగు రోజున అతని ఆహారం ఈ విధంగా ఉండవచ్చు. తెల్లవారగానే ఒక అరటిపండు, తరువాత పరుగు. ఉపాహారానికి మూడు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, రెండు ఉడికించిన గుడ్లు, కొద్దిగా పల్లీ చట్నీ. పదకొండు గంటలకు మజ్జిగ, జామపండు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యపు అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో ఆకుకూర పప్పు, గిన్నె నిండా కూర, 150 గ్రాముల పెరుగు. సాయంత్రం 40 గ్రాముల శనగలతో గుగ్గిళ్ళు, చక్కెర లేని టీ. రాత్రి రెండు జొన్నరొట్టెలు, 120 గ్రాముల చేప లేదా కోడికూర, మరొక కూర, గ్లాసు పాలు. వంటనూనె రోజంతటికీ 20 గ్రాములు. దీనితో సుమారు 2250 కాలరీలు, 104 గ్రాముల మాంసకృత్తులు, 310 గ్రాముల పిండిపదార్థాలు అందుతాయి. శాకాహారులు గుడ్ల బదులు పెసరట్టు, చేప బదులు 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్ ముక్కలతో చేసిన కూర వాడుకోవచ్చు.

విశ్రాంతి రోజున అరటిపండు, ఒక రొట్టె మాని, మధ్యాహ్నం బియ్యం 70 గ్రాములకు తగ్గిస్తే సుమారు 340 కాలరీలు తగ్గుతాయి. పప్పు, గుడ్లు, పెరుగు, కూరలు మాత్రం తగ్గించకూడదు. ఆదివారం పరుగుకు ముందు రెండు అరటిపండ్లు, గంట గడిచాక దారిలో నాలుగైదు ఖర్జూరాలు లేదా 30 గ్రాముల బెల్లం, నీళ్ళు. ఇంటికి రాగానే పెసరపప్పు పొంగలి, గుడ్లు, పెరుగు. ఈ పూట పిసినారితనం చూపినవారు సాయంత్రం ఆకలికి ఆగలేక మిఠాయి, మిరపకాయ బజ్జీల మీద పడడం సర్వసాధారణం. ఉదయమే కడుపునిండా తినడం అందుకు విరుగుడు.

పై అంకెలు ఒక మనిషికి వేసిన అంచనాలు మాత్రమే. మూడు వారాల సగటు బరువు కదలకపోతే రోజుకు 100 నుండి 150 కాలరీలు తగ్గించవచ్చు. వారానికి ఒక శాతం కంటే వేగంగా తగ్గుతుంటే అంతే మేర పెంచాలి. రెండు మూడు నెలలకు ఒకసారి, లేదా ముఖ్యమైన పందానికి మూడు నాలుగు వారాల ముందు లోటును పూర్తిగా ఆపి, ఖర్చుకు తగినట్లు తినాలి. పందానికి సిద్ధమయ్యే చివరి వారాలలో బరువు తగ్గించే ప్రయత్నం చేయరాదు.

భారతీయ ఆహార పదార్థాల విలువలు తెలుసుకోవడానికి ఆధారం జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించే పట్టికలు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం చిన్నగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. దాని ఆహార పట్టికలు 2017లో కొత్తగా రూపొందించబడ్డాయి. విదేశీ పట్టికలలో రాగులు, గోంగూర, ఉలవలు వెతుక్కునే శ్రమ వీటితో తప్పుతుంది.

వైద్య సలహా అవసరమైనవారు

మధుమేహానికి ఇన్సులిన్‌గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలుగాని వాడేవారు తిండి తగ్గించి, పరుగు పెంచితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదును వైద్యుడు ముందుగా సవరించాలి. అటువంటివారు పరుగులో గ్లూకోజు వెంట ఉంచుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి పైన చెప్పిన మాంసకృత్తుల మోతాదు వర్తించదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గించే ఆహారం పాటించరాదు. నలభై ఏళ్ళు దాటి, ఇంతవరకు వ్యాయామం అలవాటు లేనివారు, రక్తపోటు లేదా కుటుంబంలో చిన్న వయసులో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు పరుగు మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించుకోవాలి. పరుగులో ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, అసాధారణమైన ఆయాసం కలిగితే వెంటనే ఆగి వైద్య సహాయం పొందాలి.